పెంచడం వచ్చు, తేవడమే చిక్కు: ఇంటి రీఫ్ ట్యాంకు చుట్టూ ఉన్న వాదాల సమీక్ష

బాపట్ల తీరంలోని రొయ్యల హేచరీల్లో రోజూ పొద్దున్నే జరిగే పని ఒకటుంది. ట్యాంకులోంచి ఒక చుక్క నీళ్ళు తీసి, ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరు గాజు మీద వేస్తారు. మూత దించి, దాన్ని వెలుతురు వైపు తిప్పి కన్ను ఆనిస్తారు. నీలం, తెలుపు కలిసే గీత 30 దగ్గర ఆగిందా, 32 దాకా పోయిందా చూసుకుని, గాజును మంచినీళ్ళతో కడిగి మెత్తటి గుడ్డతో తుడిచి పెడతారు. హైదరాబాదులో ఏ అపార్టుమెంటు హాల్లోనో నాలుగడుగుల గాజు తొట్టె పెట్టుకుని పగడాలు పెంచే మనిషి చేసే పనీ అచ్చం ఇదే. ఆయన గీత 35 దగ్గర ఉండాలి, అంతే తేడా.

ఇంట్లో రీఫ్ ట్యాంకు అంటే బతికున్న పగడాలు, క్లౌన్ లాంటి చిన్న చేపలు, రంగురంగుల పెదవులున్న ట్రైడాక్నా ఆల్చిప్పలు ఉండే ఉప్పునీటి తొట్టె. మన దేశంలో ఇది ఇంకా కొద్దిమంది వ్యవహారమే. దాని మీద వాదాలు మాత్రం కొద్దివి కావు. పెంచేవాళ్ళు ఫిల్టరు గురించి కొట్టుకుంటారు. శాస్త్రవేత్తలు ఆ జీవి ఎక్కడి నుంచి వచ్చిందని అడుగుతారు. అటవీ శాఖ తన జాబితాలో దాని పేరుందా లేదా అని చూస్తుంది. మూడూ వేర్వేరు ప్రశ్నలు. ఒకదానికి చెప్పాల్సిన జవాబు ఇంకోదానికి చెబుతూ రావడం వల్లే చిక్కు ముదిరింది. పొన్నూరు, తెనాలి, రేపల్లె, బాపట్ల ఉన్న కృష్ణా డెల్టా వైపు నుంచి చూస్తే ఆ ముడులు కాస్త విడివిడిగా కనబడతాయి. ఉప్పునీటిని పెంపకానికి పనికొచ్చేలా నిలబెట్టడం ఇక్కడివాళ్ళకు కొత్తగా నేర్పాల్సిన విద్య కాదు మరి.

ఏ పగడం?

తెలుగులో పగడం అనగానే ముందు గుర్తొచ్చేది నల్లపూసల మధ్య ఎర్రగా మెరిసే పూస. లేదంటే కుజదోషానికి జ్యోతిష్కుడు చెప్పిన ఉంగరం. ఆ ఎర్ర పగడం పేరు కొరాలియం రూబ్రమ్. పూర్వం నుంచీ అది ప్రధానంగా మధ్యధరా సముద్రం నుంచి ఓడలెక్కి వచ్చిన సరుకు. అది వెలుతురు తక్కువగా ఉండే గుహల్లో, లోతుల్లో పెరుగుతుంది, దిబ్బలు కట్టదు. తెనాలి నగల కొట్లో పగడం అడిగే మనిషికీ, రీఫ్ ట్యాంకు మనిషికీ ఉన్న పొత్తు ఆ మాటొక్కటే.

దిబ్బలు కట్టే పగడం సంగతి వేరు. ఒక చిన్న నోరు, దాని చుట్టూ మీసాల్లాంటి స్పర్శకాలు, కింద రాతి గిన్నె. పాలిప్ అనే ఆ జీవి నిర్మాణమంతా ఇంతే. దాని ఒంట్లో జూజాంతెల్లే అనే సూక్ష్మమైన నాచు కాపురం ఉంటుంది. పగటి వెలుతురులో నాచు వండిన తిండిలో పెద్ద వాటా పగడానికి పోతుంది, పగడం వదిలే వ్యర్థాలు నాచుకు ఎరువవుతాయి. ఆ బలంతోనే పగడం నీటిలోని కాల్షియాన్నీ కార్బొనేటునూ పట్టుకుని తన కింద సున్నపురాయి పోసుకుంటూ పెరుగుతుంది. ట్రైడాక్నా ఆల్చిప్పదీ దాదాపు ఇదే పద్ధతి. చిప్ప తెరిచి నీలం, ఆకుపచ్చ, గోధుమ రంగుల పెదవులను వెలుతురుకు పరిచి, అందులోని నాచును మేపుకుంటుంది. ఈ రెండు జీవులకూ లైటు అలంకారం కాదు, అన్నం.

వీటికి తోడు రాతి ఎముక లేని మెత్తటి పగడాలున్నాయి. తోలులా ఉండే సార్కోఫైటన్, గుప్పిట తెరిచి మూసినట్టు కదిలే జీనియా ఆ జాతివి. తొట్టెలో ఇవి మొండిగా బతుకుతాయి. రాతి పగడం, మెత్తటి పగడం అనే ఈ తేడాను గుర్తుంచుకోవాలి. రసాయనంలోనూ చట్టంలోనూ కథ మలుపు తిరిగేది దీని దగ్గరే.

మన కడలి ఎందుకు దిబ్బ కట్టలేదు

సూర్యలంక దగ్గర సముద్రంలోకి దిగితే కాలికి తగిలేది ఇసుక. నిజాంపట్నం వైపు పోతే బురద, మడ అడవులు. ఈ తీరాన్ని కట్టింది కృష్ణ. నది తెచ్చిన ఒండ్రు పగడాన్ని రెండు విధాల చంపుతుంది: మీద పేరుకుని ఊపిరాడనివ్వదు, నీటిని మసకబరచి వెలుతురు అందనివ్వదు. పైగా వానాకాలంలో నదులు కుమ్మరించే మంచినీటితో బంగాళాఖాతం పైనీటి ఉప్పదనం బాగా పడిపోతుంది. దేశంలో చెప్పుకోదగ్గ దిబ్బలు మన్నార్ సింధుశాఖ, పాక్ అఖాతం, కచ్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ నికోబార్‌లకే పరిమితం కావడానికి ఇలాంటివే కారణాలు. విశాఖ దగ్గరి రాతి అడుగుల మీద పగడాలు అక్కడక్కడా అంటుకుని కనబడతాయి, కానీ దాన్ని దిబ్బ అనలేం.

ఇక్కడే మొదటి వాదం. సముద్రం పక్కనే ఉన్నప్పుడు ఆ నీళ్ళే తెచ్చి తొట్టెలో పోసుకోవచ్చు కదా అన్నది ఒక పక్షం. ప్యాకెట్టు ఉప్పు కొని ఆర్వో నీటిలో కలుపుకోవాలన్నది రెండో పక్షం. మన తీరానికి సంబంధించినంత వరకు హేచరీ అనుభవమే తీర్పు చెబుతుంది. హేచరీవాళ్ళు సముద్రపు నీటిని నేరుగా రొయ్య పిల్లల ట్యాంకులోకి వదలరు. తేరనిచ్చి, ఇసుక ఫిల్టరు దాటించి, బ్లీచింగుతో క్లోరిన్ పట్టించి, హైపోతో ఆ క్లోరిన్‌ను విరిచి, సన్నటి కార్ట్రిడ్జి ఫిల్టర్లలోంచి, యూవీ కిందనుంచి పంపాకే పోస్తారు. ఇంత సరంజామా ఉన్నవాడికి సముద్రపు నీరు చవక. పొన్నూరులో నాలుగడుగుల తొట్టె పెట్టుకునే ఇంటికి, ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఉప్పదనం నికరంగా ఉండని తీరం నుంచి క్యాన్లలో మోసుకొచ్చిన నీరు చవక అనిపించే ఖర్చు. పగడాలకు నీటి స్వచ్ఛత కంటే నీటి నిలకడ ముఖ్యం. ఈ విషయంలో ప్యాకెట్టు ఉప్పు పక్షానిదే పైచేయి.

తొట్టె నడిచిన దారి

పగడాన్ని ఇంట్లో పెట్టుకోవడం కొత్త సరదా అనుకుంటారు గానీ కాదు. 1846లో ఆన్నా థిన్ అనే ఇంగ్లండు మహిళ టార్కీ తీరం నుంచి రాతి పగడాలను లండన్ తీసుకెళ్ళి గాజు పాత్రల్లో పెంచింది. నీటికి గాలి పట్టించే యంత్రాలు అప్పటికి లేవు. పనిమనిషి రోజూ తెరిచిన కిటికీ ముందు నిలబడి ఆ నీటిని ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి ఎత్తి పోసేది, టీ కొట్లో టీ తిరగపోసినట్టు. నేటి రీఫ్ ట్యాంకులో వేవ్ పంపులు చేసే పని అదే. 1850లలో ఫిలిప్ హెన్రీ గాస్ పుస్తకాలతో ఆక్వేరియం ఇంగ్లండులో ఫ్యాషనైపోయింది. ఉష్ణమండలపు పగడాలను మాత్రం ఆ తర్వాత వందేళ్ళ దాకా ఎవరూ నికరంగా నిలబెట్టలేకపోయారు.

1961లో జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ తన తొట్టెల గురించి ఒక అమెరికన్ ఆక్వేరియం పత్రికలో రాశాడు. సముద్రం నుంచి తెచ్చిన బతికున్న రాళ్ళు, అంటే బ్యాక్టీరియా, పురుగులు, నాచు పట్టిన సున్నపురాళ్ళు, కాస్త గాలి బుడగలు, వెలుతురు. ఇంకేమీ వద్దన్నాడు. పాశ్చాత్య దేశాల్లో చాలామంది నమ్మలేదు. అప్పటికి అక్కడ నడుస్తున్నది కంకర కింద ప్లేటు పెట్టి నీటిని లాగే ఫిల్టరు. అది అమ్మోనియాను నైట్రేటుగా మారుస్తుంది, నైట్రేటును మాత్రం తొట్టెలోనే పోగుచేస్తుంది. చేపలు ఓర్చుకుంటాయి, పగడాలు ఓర్చుకోవు.

1970లలో స్విట్జర్లాండు వాడైన పీటర్ విల్కెన్స్, 1980లలో బెర్లిన్ ఔత్సాహికుడు డీట్రిచ్ స్ట్యూబర్ వంటివాళ్ళు చేసిన పనితో బెర్లిన్ పద్ధతి స్థిరపడింది: బతికున్న రాళ్ళు, నురగతో పాటు మలినాలను ఎత్తి పారేసే ప్రొటీన్ స్కిమ్మరు, గట్టి లైటు, సున్నపు తేట. స్ట్యూబర్ తొట్టెలోని అక్రోపోరా అనే రాతి పగడం ముక్కలు ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి యూరప్ అంతా తిరిగాయి. మనవైపు మల్లె అంటు పక్కింటికి పోయినట్టే. అటు అమెరికాలో 1986లో జార్జి స్మిట్ వ్యాసాలు, గాలి తగిలేలా నీటిని జార్చే వెట్ డ్రై ఫిల్టరును ఇంటింటికీ చేర్చాయి. ఆ ఫిల్టరు తర్వాత వెనకబడింది గానీ, పగడాలను పెంచడం సామాన్యుడికీ సాధ్యమేనన్న ధైర్యం ఆ వ్యాసాలే ఇచ్చాయి.

ఇక్కడి నుంచి దారులు చీలాయి. స్మిత్‌సోనియన్ సంస్థలో వాల్టర్ ఏడీ, స్కిమ్మరు వద్దు, పక్కన నాచు పెంచి దాన్ని కోసి పారేయండి అన్నాడు. ఫ్రాన్సులో జాన్ జోబెర్ ఇసుక కింద ఖాళీ అర వదిలి, ఆక్సిజన్ తక్కువున్న ఆ చోట బ్యాక్టీరియా చేత నైట్రేటును విరగ్గొట్టించాడు. ఆ తర్వాత రాన్ షిమెక్ ఖాళీ అర కూడా అక్కర్లేదు, ఇసుకనే లోతుగా పోసి పురుగులకు వదిలేయండి అన్నాడు. దానికి ఎదురుగా, ఇసుకే వద్దు, అడుగు గాజు కనబడాలి, పడ్డ మలినాన్ని పడ్డట్టే తోడేయాలి అనే పక్షం లేచింది.

పక్కపక్కన పెట్టి చూస్తే వీటి మధ్య తగాదా వ్యర్థాన్ని ఎవరు తినాలన్నదాని మీదే. బెర్లిన్ వాళ్ళు దాన్ని ఎవరూ తినక ముందే బయటికి తీసేస్తారు, ఏడీ నాచుకు పెడతాడు, జోబెరూ షిమెకూ బ్యాక్టీరియాకూ పురుగులకూ పెడతారు. అన్ని పద్ధతుల్లోనూ పగడాలు బాగా పెరిగిన తొట్టెలున్నాయి, అన్నిట్లోనూ చచ్చిన తొట్టెలున్నాయి. నా లెక్కలో, నలభై ఏళ్ళ ఈ వాదం నుంచి నిలిచింది ఒక్కటే: బతికున్న రాయి. అందరూ దాన్ని ఒప్పుకున్నారు. ఆ రాయిని కూడా దిబ్బల నుంచే పెళ్ళగించి తెచ్చేవాళ్ళన్న సంగతి చాలాకాలం ఎవరికీ పట్టలేదు.

ఈ మధ్య మరో సవరణ జరిగింది. నైట్రేటు, ఫాస్ఫేటు సున్నాకు దగ్గరగా ఉండాలని ఒక దశలో అందరూ పట్టుబట్టారు. సున్నా చేసిన తొట్టెల్లో పగడాలు పాలిపోయాయి, ఖాళీ అయిన చోటును డైనోఫ్లాజెల్లేట్లు అనే జిగురు తెట్టె ఆక్రమించింది. ఇప్పుడు కొంచెం ఉండనివ్వమంటున్నారు. చెరువులో నీరు మరీ తేటబడిపోతే బ్లూమ్, అంటే సన్న నాచు, లేదని కంగారుపడే రొయ్యల రైతుకు ఈ మాట వింతగా తోచదు.

సున్నపు తేట

జర్మన్లు కాల్క్‌వాసర్ అని పిలిచేదానికి తెలుగులో ఎప్పటి నుంచో పేరుంది: సున్నపు తేట. సున్నాన్ని నీటిలో కలిపి, తేరనిచ్చి, పైన నిలిచిన తేటను వంచుకోవడం. రీఫ్ ట్యాంకులో ఆ తేటను రాత్రిపూట బొట్టుబొట్టుగా పడనిస్తారు. రాత్రి ఎందుకంటే నాచు పనిచేయని ఆ వేళ తొట్టెలో పీహెచ్ పడిపోతుంది, తేట పీహెచ్ 12 దాటి ఉంటుంది. తొందరపడి ఒక్కసారే పోస్తే తొట్టె మొత్తం పాలలా తెల్లబడి కాల్షియం అడుక్కు దిగిపోతుంది.

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 410 నుంచి 420 మిల్లీగ్రాముల కాల్షియం, 1,300 దాకా మెగ్నీషియం ఉంటాయి. ఆల్కలినిటీ, అంటే ఆమ్లాన్ని తట్టుకునే శక్తి, డీకేహెచ్ అనే కొలతలో దాదాపు 7. పగడం లీటరుకు 20 మిల్లీగ్రాముల కాల్షియం లాక్కుంటే దానితోపాటు 2.8 డీకేహెచ్ ఆల్కలినిటీ కూడా పోతుంది. రెండూ జతగానే తరుగుతాయి. సున్నపు తేట గొప్పతనం, అది రెంటినీ సరిగ్గా అదే పాళ్ళలో తిరిగి ఇవ్వడం. పగడాలు ముదిరి, తేట చాలని తొట్టెలకు వేరే దారులు వచ్చాయి. పగడపు రాయి ముక్కలను కార్బన్ డయాక్సైడుతో కరిగించే కాల్షియం రియాక్టరు ఒకటి. రెండు మూడు ద్రావణాలను విడివిడిగా కొలిచి పోసే బాలింగ్ పద్ధతి ఇంకొకటి. ఏది మేలన్నది జేబును బట్టి తేలే విషయం, సిద్ధాంతాన్ని బట్టి కాదు.

డీకేహెచ్ అన్న మాట రేపల్లె రైతుకు కొత్త కావచ్చు, అంకె కొత్త కాదు. 7 డీకేహెచ్‌ను చెరువు ల్యాబుల భాషలోకి మారిస్తే 125 పీపీఎం అవుతుంది. వనామీ రొయ్యల చెరువు నీటి రిపోర్టు తెచ్చుకున్న రైతు ఆల్కలినిటీ గడిలో చూసుకునే అంకె దాదాపు ఇదే. వనామీ పొర విడిచి కొత్త పెంకు కట్టుకోవడానికి కాల్షియం, మెగ్నీషియం కావాలి కాబట్టి అతను మినరల్స్ చల్లుతాడు, సున్నం, డోలమైటు వేస్తాడు. పగడానికి అక్కర్లేనిది పొర విడవడం మాత్రమే. 2009లో వనామీకి దేశంలో అనుమతి వచ్చాక ఈ డెల్టాలో ఊరూరా పుట్టుకొచ్చిన రసాయన పరిజ్ఞానం చిన్నది కాదు. రీఫ్ ట్యాంకు పుస్తకాల్లో సగం పేజీలు ఇక్కడ చెరువు గట్టు మీద మాటల్లో దొరుకుతాయి.

దొరకని సగం ఎండ గురించి. పగడాలు 24 నుంచి 27 డిగ్రీల మధ్య కులాసాగా ఉంటాయి. అలవాటైన వేసవి గరిష్ఠం మీద ఒక్క డిగ్రీ ఎక్కువై, అది కొన్ని వారాలు నిలిస్తే చాలు, ఒంట్లోని నాచును వెళ్ళగొట్టి తెల్లబడతాయి. రోహిణి కార్తెలో తెనాలి ఇంటి హాలు ఆ గరిష్ఠాన్ని మధ్యాహ్నానికే దాటేస్తుంది. తొట్టె మీద ఫ్యాను పెట్టి నీరు ఆవిరయ్యేలా చేస్తే చల్లబడుతుందని పుస్తకాలు చెబుతాయి. పొడిగాలి ఊళ్ళలో అది నిజం, సముద్రపు తేమగాలి వీచే చోట దాని బలం సగం చచ్చిపోతుంది. నీటిని చల్లబరిచే చిల్లరు తప్పదు, కరెంటు పోతే ఇన్వర్టరూ తప్పదు. పంపు ఆగిన తొట్టెలో ఆక్సిజన్ పడిపోవడానికి ఎన్నో గంటలు పట్టదు. చెరువు గట్టున జనరేటరు ఎందుకు పెట్టుకుంటారో తెలిసినవాళ్ళకు ఇంతకంటే వివరం అక్కర్లేదు.

అసలు ముడి: ఎక్కడి నుంచి వచ్చింది?

ఇంతవరకూ చెప్పిన వాదాలన్నీ తొట్టె లోపలివి. తొట్టె బయటి వాదం వేరే స్థాయిది. మంచినీటి అలంకార చేపల్లో అత్యధిక భాగం ఫారాల్లో పుట్టినవే. మన దగ్గర కొట్లలో కనబడేవాటిలో చాలా భాగం చెన్నై కొళత్తూరు వైపు నుంచే వస్తాయి. ఉప్పునీటి చేపల్లో లెక్క తిరగబడుతుంది, ఎక్కువ జాతులు ఇప్పటికీ సముద్రంలో పట్టినవే. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2003లో వేసిన నివేదిక ప్రకారం ప్రపంచ వ్యాపారంలో ఏటా 2 కోట్ల నుంచి 2.4 కోట్ల సముద్రపు అలంకార చేపలు, కోటీ పది లక్షల నుంచి కోటీ ఇరవై లక్షల రాతి పగడం ముక్కలు చేతులు మారేవి. చేపల జాతులే 1,471.

పట్టే పద్ధతి మరీ ఘోరం. 1960లలో ఫిలిప్పీన్స్‌లో మొదలైన సయనైడు వాడకంలో, సీసాతో ద్రావణాన్ని పగడం సందుల్లోకి పిచికారీ చేసి మత్తెక్కిన చేపను ఏరుకుంటారు. చేప తేరుకోవచ్చు, కొన్ని వారాలకు కొనుక్కున్నవాడి తొట్టెలో చావవచ్చు. పగడం మాత్రం అక్కడే చస్తుంది. ఇండోనేషియాలోని బాంగ్గాయి దీవుల కార్డినల్ చేపది ఇంకో పాఠం. 1990లలో ఆక్వేరియం వ్యాపారం దాన్ని కనిపెట్టింది, పదిహేనేళ్ళు తిరక్కుండానే 2007లో అది అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాకెక్కింది. విచిత్రమేమిటంటే పిల్లల్ని నోట్లో పెట్టుకుని సాకే ఆ చేపను తొట్టెలో పెంచడం ఏమంత కష్టం కాదు.

దీనికి రెండు జవాబులున్నాయి. మొదటిది, అడవి జీవిని ముట్టుకోకు, పెంచినదాన్నే కొను. రెండోది మొదట వినడానికి ఎదురుగా తోస్తుంది: జాగ్రత్తగా పట్టుకోనివ్వండి, ఆ చేప అమ్మకంతో బతికే జాలరే ఆ నీటికి కాపలా కాస్తాడు. ఈ రెండో వాదానికి గట్టి ఉదాహరణ సముద్రంలో లేదు, బ్రెజిల్ రియో నీగ్రో నదిలో ఉంది. అక్కడ కార్డినల్ టెట్రాలు పట్టుకుని బతికే కుటుంబాలు అడవి నరకకుండా ఉండడానికి ఆ చేపల రాబడి ఒక కారణం. కానీ ఏటా వరదతో కోట్లలో పుట్టి, ఎండాకాలంలో ఎలాగూ చచ్చే చిన్న చేపకు పనికొచ్చిన తర్కం, నెమ్మదిగా పెరిగే పగడానికీ, ఏళ్ళు గడిస్తే గానీ గుడ్డు పెట్టని ఆల్చిప్పకూ అతకదు. ఈ సమీక్షకుడి మొగ్గు మొదటి వైపే.

ఆ వైపు ఆధారాలు కూడా పెరుగుతున్నాయి. ఫ్లోరిడాలో మార్టిన్ మో 1970ల తొలినాళ్ళలోనే క్లౌన్ చేపలను అమ్మకానికి సరిపడా పుట్టించాడు. పలావు దీవుల్లో 1980ల నుంచి ట్రైడాక్నా పిల్లలను హేచరీలో పెంచారు. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్ఆర్ఐ) మండపం, విళింజం కేంద్రాలు క్లౌన్ జాతులను తొట్టెల్లోనే పుట్టించి పెంచే పద్ధతిని నిలబెట్టాయి. జాతీయ మత్స్య జన్యువనరుల బ్యూరో లక్షద్వీప్ అగత్తి దీవిలో అలంకార రొయ్యల, క్లౌన్ చేపల పెంపకాన్ని ద్వీప మహిళలకు నేర్పింది. ఎదురుగా దిబ్బ, ఇంటి దగ్గర ట్యాంకు. దిబ్బ జోలికి పోనక్కర్లేని బతుకుతెరువు. ఈ దేశంలో ఈ వాదానికి ఇంతకంటే సూటి జవాబు నాకు కనబడలేదు.

2003లో వచ్చిన ఫైండింగ్ నీమో సినిమా క్లౌన్ చేపల గిరాకీని విపరీతంగా పెంచి దిబ్బలను ఖాళీ చేసిందన్న మాట చాలా చోట్ల చదువుతాం. తర్వాతి పరిశోధకులు ఆధారాల కోసం వెతికితే ఆ మాటకు అంత బలం దొరకలేదు. ప్రచారం మాత్రం ఆగలేదు.

చట్టం ఏమంటుంది, ఎక్కడ ఆగుతుంది

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో చాలాకాలం పగడాల ఊసు లేదు. తూత్తుకుడి ప్రాంతంలో దిబ్బలను తవ్వి సున్నానికీ కట్టడాలకూ వాడుకున్న రోజులవి. 2001లో కేంద్రం దిబ్బలు కట్టే రాతి పగడాలన్నిటినీ, నల్ల పగడాలు, ఆర్గన్ పైప్ పగడం, ఫైర్ కోరల్, సీ ఫ్యాన్లను మొదటి షెడ్యూలులో చేర్చింది; పులి ఉన్న షెడ్యూలు అది. ట్రైడాక్నా మాక్సిమా, ట్రైడాక్నా స్క్వమోసా, హిప్పోపస్ ఆల్చిప్పలూ, సముద్రపు గుర్రాల కుటుంబం మొత్తమూ అందులోకే వచ్చాయి. క్లౌన్ చేప లేదు. సార్కోఫైటన్ లాంటి మెత్తటి పగడాల పేర్లు కూడా ఆ జాబితాలో లేవు. ఏ పగడం అన్న మొదటి ప్రశ్న ఇక్కడ మళ్ళీ ఎదురైంది చూడండి. తోలు పగడం ఉన్న తొట్టెకూ, అక్రోపోరా ఉన్న తొట్టెకూ మధ్య దూరం మూడు నుంచి ఏడేళ్ళ జైలు.

ఈ చట్టానికి తోడు, అంతరించే జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం ఉంది; 1976 నుంచి భారత్ అందులో సభ్యురాలు. రాతి పగడాలు, ట్రైడాక్నాలు దాని రెండో అనుబంధంలో ఉన్నాయి, విదేశాల నుంచి తేవాలంటే పత్రాలు కావాలి. 2022 సవరణ, అమల్లోకి వచ్చింది 2023 ఏప్రిల్ 1న, సైటిస్‌ను దేశీయ చట్టంలోకి ఎక్కించింది. అలాంటి విదేశీ జీవులు ఎవరి దగ్గరున్నా కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలని 2024 నియమాలు చెప్పాయి. మధ్యలో 2017 మేలో జంతుహింస నిరోధక చట్టం కింద ఆక్వేరియం కొట్ల నియమాలు వచ్చి, 158 జాతుల సముద్ర చేపలను పెట్టుకోవద్దన్నాయి. చేపల వ్యాపారుల నుంచి గగ్గోలు పుట్టింది. తర్వాత కేంద్రం ఆ నియమాలను వెనక్కి తీసుకుంది.

పెంచేవాళ్ళు అడిగే ప్రశ్నలో న్యాయం ఉంది. ఒక పగడం ముక్కను విరిచి రాయికి అతికిస్తే అది కొత్త పగడమవుతుంది. దాన్ని ఫ్రాగ్ అంటారు. పది తరాలుగా తొట్టెల్లోనే విరుగుతూ అతుకుతూ వచ్చిన ఫ్రాగ్, ఏ దిబ్బకూ నష్టం చేయనిది. జాబితాకు మాత్రం ఆ తేడా తెలియదు. అది జాతి పేరు చూస్తుంది, పుట్టుక చూడదు. అధికారుల పక్షాన కూడా గట్టి మాటే ఉంది: సంచీలో తెచ్చిన ముక్క బెర్లిన్ నుంచి తరాలు దాటి వచ్చిందో, నిరుడు మన్నార్‌లో విరిగిందో చూసి చెప్పే ఉపాయం తనిఖీ చేసేవాడి దగ్గర లేదు. తలుపు కొంచెం తెరిస్తే దొంగ సరుకు అంతా అందులోంచే పోతుంది. 2017 నాటి నియమాల పొరపాటు చేపలను పెంపకంలో పుట్టినవి, పట్టినవి అని విడదీయకుండా ఒకే గాటన కట్టడం. క్లౌన్ లాంటి పెంచిన చేప మీద నిషేధం దిబ్బను కాపాడదు, హేచరీని మూస్తుంది. పగడాల విషయంలో మాత్రం పుట్టుక రుజువు చేసే పద్ధతి ఒకటి ఏర్పడేదాకా చట్టం మొండిగా ఉండడమే నయమనిపిస్తుంది. ఇది పెంచేవాళ్ళకు నచ్చదని తెలుసు.

దిబ్బకు ఏం ఒరిగింది?

మా తొట్టెలే రేపటి విత్తనపు గాదెలు అని ఔత్సాహికులు చెప్పుకుంటారు. అందులో కొంత నిజముంది. లండన్ హార్నిమన్ మ్యూజియంలో జేమీ క్రాగ్స్ బృందం తొట్టెలో సూర్యుడి వేళలను, చంద్రుడి కళలను, నీటి వేడిని దిబ్బ దగ్గరి ఏడాదికి సరితూగేలా నడిపించి, పగడాలు ముందే లెక్కవేసిన రాత్రి గుడ్లు వదిలేలా చేసింది. 2019లో ఫ్లోరిడా ఆక్వేరియంలో అట్లాంటిక్ పిల్లర్ పగడం ల్యాబులో గుడ్లు వదిలింది. ఈ ప్రయోగశాలల్లో వాడిన లైట్లు, పంపులు, కొలత పద్ధతులు చాలావరకు ఇంటి తొట్టెల మార్కెట్టు పుణ్యాన పుట్టినవే. కానీ ఇంటి తొట్టెలో ఒకే పగడాన్ని వంద ముక్కలు చేస్తే వంద పగడాలు రావు, ఒకే పగడం వంద చోట్ల ఉంటుంది. దిబ్బను తిరిగి నాటడానికి కావాల్సిన జన్యు వైవిధ్యం అందులో లేదు.

ఈలోగా సముద్రం ఆగలేదు. 1998, 2010, 2014-17 తర్వాత నాలుగో ప్రపంచవ్యాప్త పగడాల తెల్లబాటు మొదలైందని 2024 ఏప్రిల్‌లో ప్రకటించారు, ఆ వేసవిలో లక్షద్వీప్ దిబ్బలు కూడా తెల్లబడ్డాయి. ఆక్వేరియం వ్యాపారం దిబ్బలకు చేసిన చెడు నిజమే గానీ, వేడెక్కిన నీటి ముందు అది చిన్నది. చిల్లరు పెట్టి 26 డిగ్రీలు నిలిపే తొట్టె, కాలే బొగ్గుతో పుట్టిన కరెంటు మీద నడుస్తోందన్న ఎత్తిపొడుపుకు జవాబు చెప్పడం ఔత్సాహికులకు కష్టమే.

తేలని లెక్క

డెల్టాకు మిగిలేది ఆచరణకు సంబంధించిన ప్రశ్న. రాతి పగడం, ట్రైడాక్నా చట్టం అవతల ఉన్నాయి. మెత్తటి పగడాలకు మన దేశంలో పెంపకపు సరఫరా ఇంకా పలచన. మిగిలింది క్లౌన్. ఆ చేప పుట్టుకతో మగది; గుంపులో పెద్దది ఆడదవుతుంది, అది చస్తే దాని జోడు ఆడదిగా మారుతుంది. కాబట్టి జత కట్టించడానికి ఆడా మగా ఏరుకునే తిప్పలు లేవు, రెండు పిల్లల్ని కలిపి పెంచితే చాలు. సముద్రంలో అవి ఆశ్రయం పొందే ఆనిమోన్ లేకపోయినా కుండ పెంకు ఒకటి ఏటవాలుగా నిలబెడితే దాని మీద నారింజ రంగు గుడ్లను వరసగా అంటిస్తాయి. తండ్రి రెక్కలతో విసురుతూ, చెడిన గుడ్డును నోటితో ఏరి పారేస్తూ వారం రోజులు కాపలా కాస్తాడు. ఎనిమిదో రోజు ప్రాంతంలో, లైటు ఆర్పిన గంటా రెండు గంటలకు పిల్లలు బయటికి వస్తాయి. మొదటి రోజుల్లో వాటికి తిండిగా రోటిఫర్లు అనే సూక్ష్మజీవులు కావాలి, ఆ తర్వాత ఆర్టీమియా అనే చిన్న ఉప్పునీటి జీవులు. ఆర్టీమియా డబ్బా తెలియని హేచరీ ఈ తీరంలో లేదు.

రోటిఫర్లు మాత్రం రొయ్యల హేచరీకి రోజువారీ పని కాదు. చేపల హేచరీలు వాటికోసం వేరే నాచు ట్యాంకులు నడుపుతాయి, ఒక్కరోజు ఆ కల్చరు కూలిపోతే ఆ విడత పిల్లలన్నీ పోతాయి. లక్షల్లో పీఎల్ (రొయ్య పిల్లలు) లెక్కపెట్టి సంచుల్లో కట్టే చోట వందల్లో పుట్టే చేప కోసం ఒక ట్యాంకు, ఒక మనిషి కేటాయించాలా? పీఎల్ కొనే రైతు పక్క మండలంలోనే ఉంటాడు. క్లౌన్ కొనేవాడు బెంగళూరులోనో హైదరాబాదులోనో, ఒక్కొక్క చేపను ఒక్కొక్క సంచిలో అడుగుతాడు.